నీలం సిరాతో గీసిన నెట్‌వర్కు

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. నంద్యాలలో సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం నాది. రెవెన్యూ వాళ్ల పటంలో ఉన్న వాగు నీటిపారుదల వాళ్ల పటంలో ఉండేది కాదు, వాళ్ల చెరువు సంగతి అటవీ శాఖ వాళ్లు విననే లేదు. ఒకరి పటం ఇంకొకరు చూడాలంటే ఆరు సంతకాలు కావాలి (అడిగినవాడు రిటైరయ్యేలోపు వస్తే అదృష్టం). ఇదంతా చూసి నాకు ఒళ్లు మండిపోయేది. నంద్యాల, ఆళ్లగడ్డ, వెలుగోడు, ఉయ్యాలవాడ ఆఫీసులన్నిటినీ కలుపుతూ, పటాల నకళ్లు వారం వారం బస్సుల్లో తిరిగేలా ఒక పథకం వేసి, ఏదో పత్రికలో చదివిన ‘నెట్‌వర్కు’ అనే మాట దానికి తగిలించాను. మా పెద్దసారు రెండుసార్లు చదివి, “ఏందప్పా ఇది, కాగితాలు తిరిగేదానికి ఇంకో కాగితమా?” అన్నాడు గానీ, నా పోరు పడలేక సంతకం పెట్టాడు.

అందంగా ఉంటుందని ఆ దారులన్నీ అసలు పటం మీదే గీశాను. ఎర్ర సిరా పెద్దసారు బీరువాలో ఉంది, ఆయన భోజనానికి వెళ్లాడు. వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? చేతికందిన నీలం సిరాతో ఆఫీసు నుంచి ఆఫీసుకు తిన్నగా, లావుగా లాగేశాను. పటంలో నీలమంటే నీళ్లని నాకు తెలియక కాదు (నాకు జీతమిచ్చేదే అందుకు). నకళ్లు అన్ని ఆఫీసులకూ వెళ్లి గోడలకెక్కాయి. వారం తిరక్కముందే, ఆళ్లగడ్డలో తమ్ముడింటికి వెళ్లొచ్చిన మా అమ్మ, “మీ మామ చేనికి కాలవ వస్తాందంట గదరా, ఆఫీసు గోడ మీద పటంలో చూసినాడంట, నువ్వే గీసినావంటనే!” అంది సంబరంగా. మామ మెట్టచేనులో జొన్న మానేసి, వరి కోసం గట్లు కడుతున్నాడట. జొన్న విత్తే అదను నాలుగు రోజులే ఉంది. అది తప్పితే ఆ ఇంటికి ఏడాది తిండి పోయినట్టే.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి, సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేక ఆళ్లగడ్డ దాకా నిలబడే వెళ్లాను. మామ ఎండలో పార పట్టుకుని గట్టు ఎత్తుతున్నాడు. సిరా, పటం, నెట్‌వర్కు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

“అయితే ఆ గీతలో ఏం పోతాది అల్లుడా?”

“కాగితాలు మామా.”

“నీళ్లు పోవా?”

“పోవు మామా.”

మామ పార గట్టులో గుచ్చాడు. “కాగితాలు పోయేదానికి అంత లావు గీత యాల గీస్తివప్పా?” అని, “సరే, ఆ ఇంకో పార తీసుకో” అన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ గట్లు చదును చేశాం. నా జీవితంలో అంత బరువైన మట్టి ఎప్పుడూ ఎత్తలేదు.

జొన్న అదనులోనే పడింది. నెట్‌వర్కు రెండు నెలలు తిరిగి ఆగిపోయింది. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే ఏ ఆఫీసు పటమైనా ఏ ఆఫీసులోనైనా కనిపిస్తోంది, నేను మురిసిపోవాల్సిందే. మామ మాత్రం పెళ్లిళ్లలో నేను కనిపిస్తే చాలు, “మా అల్లుడు నా చేనికి కాలవ తెచ్చినాడప్పా, వారం దినాలు” అని అందరికీ చెప్పేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ వారం రోజులూ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో తలుచుకుంటే, ఈ వయసులో కూడా నవ్వు సగంలోనే ఆగిపోతుంది.