సైకిలుకు శిలాఫలకం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే వదిన. గిన్నెలో పాలు కొలుస్తూనే చెప్పింది.

"డొంక చివర చేలల్లో మిరపకాయ కోతల ముఠా దిగింది. వాళ్ళల్లో ఒకామె నీకోసం అడిగింది."

"నాకోసమా? నేనెవరో ఆమెకేం తెలుసు?"

"నీ పేరు తెలీదులే. ఈ ఊళ్ళో బడికి పోకుండానే చదువు నేర్చినావిడ ఉందంటగా, ఆమెకైతే నా బాధ అర్థమవుద్ది, ఒకసారి రమ్మనమంది."

బడి గడప నేను తొక్కని మాట నిజమే. మా అమ్మ కళ్లంలో మిరపకాయలు ఏరుతూ, పక్కకు తీసేసిన తాలుకాయలను నేలమీద అక్షరాలుగా పేర్చి నాకు చదువు చెప్పింది. ఎర్రకాయ షావుకారుకి, తాలుకాయ నాకు. వాక్యం సొంతంగా చదువుకోగలిగే దాకా నన్ను లాక్కొచ్చి అక్కడ వదిలింది. ఆ సంగతి గుర్తొచ్చిన ప్రతిసారీ దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. రోజుకు చాలాసార్లే గుర్తొస్తుంది.

మర్నాడు నాలుగు కిలోమీటర్ల డొంక నడిచి వెళ్ళాను. ముఠా కర్నూలు వైపు నుంచి వచ్చింది. చేను గట్టున పట్టాల గుడారాలు వేసుకున్నారు. నన్ను పిలిపించిన ఆమెకు ముప్ఫయ్యేళ్ళుంటాయి. ఆమె కూతురు వాళ్ళ ఊరి దగ్గర హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. అటునుంచి ఎవరైనా వస్తుంటే నోటుపుస్తకంలో కాగితం చించి, నాలుగు ముక్కలు రాసి పంపుతుంది. ముఠాలో చదువొచ్చినవాడు మేస్త్రి ఒక్కడే. ఆయన గట్టెక్కి నిలబడి, ఉత్తరాన్ని అందరికీ వినపడేలా గట్టిగా చదువుతాడు. కిందటిసారి ఆ పిల్ల తల్లితో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి రాసింది. మేస్త్రి దాన్నీ అలాగే చదివేశాడు. ఆడవాళ్ళు తలలు దించుకున్నారట. మగవాళ్ళు నవ్వారట.

"కోతలు ముగిసేలోగా నేను సదవాలక్కా," అంది ఆమె. "ఈతూరి కాయితమొస్తే నా కంటికి తప్ప ఎవురికీ కనపడగూడదు."

మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట విరామం ఉంటుంది. ఆ అరగంటకు రోజూ వస్తానని మాటిచ్చాను. మాటివ్వడం తేలికే. నాది కుట్టుపని. రోజూ పోను గంట, రాను గంట నడిస్తే జాకెట్లు ఎవరు కుడతారు? మూడో రోజున మా లేడీసు సైకిలు తీశాను. వానాకాలంలో ట్రాక్టర్లు దిగబడి చేసిన గాళ్ళన్నీ నల్లరేగడిలో రాళ్ళలా గట్టిపడి ఉన్నాయి. పోయేటప్పుడు ముందు రిమ్ము ఎనిమిదంకె తిరిగింది. వచ్చేటప్పుడు నేనే సైకిలును మోసుకొచ్చాను.

దాన్ని సెంటర్లో సైకిలు షాపు నడిపే సాయిబు గారి ముందు దించాను. ఆయన చూసి, "ఏం అమ్మాయ్, బావిలో దింపావా?" అన్నారు.

"డొంకలో బాబాయ్. బాగు చెయ్యండి, రేపు మళ్ళీ పోవాలి."

"రేపు బాగు చేస్తా, ఎల్లుండి మళ్ళీ తెస్తావు. ఆ దారికి ఇది పనికిరాదు. కొండల్లో తొక్కే సైకిలు కావాలి."

"ఇక్కడ కొండలెక్కడున్నాయి?"

"గుంటలున్నాయిగా. గుంటంటే తిరగబడ్డ కొండే."

షాపు వెనక పాత ఇనుములోంచి ఒక ఫ్రేము లాగారు. ఎవరో కాలేజీ కుర్రాడు తొక్కి, విరగ్గొట్టి, అమ్ముకున్నది. సీటు కింద అతుకు ఊడి ఉంది. ముందు స్ప్రింగుల ఫోర్కు పెట్టాలనీ, వెనక ఏమీ ఉండదనీ చెప్పారు.

"వెనక స్ప్రింగు లేకపోతే ఎలా బాబాయ్?"

"వెనక స్ప్రింగు నువ్వే. గుంటొచ్చినప్పుడు లేచి నిలబడు. అల్లా అందుకే మోకాళ్ళిచ్చాడు."

గేర్లు ఒద్దన్నారు. "ఎక్కేది లేదు, దిగేది లేదు, గేర్లు దండగ." కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకుందామని దాచుకున్న డబ్బు ఫోర్కుకీ, ట్రాక్టరు టైర్లలాగా బొడిపెలున్న వెడల్పాటి టైర్లకీ సరిపోయింది. ఫ్రేము మెడ ఒక సైజు, ఫోర్కు కాడ ఇంకో సైజు. ఆయన గుంటూరు వెళ్ళి, ఊడిన అతుకుకు వెల్డింగు పెట్టించి, మధ్యలో ఇమిడే ఉంగరం లాంటి బుష్ లేతు మీద తిప్పించి, రెండింటికీ పెళ్ళి చేసి తెచ్చారు. ఇంకా ట్యూబులు, చైను, బ్రేకులు, పెడళ్ళు కావాలి.

అప్పుడు నేనొక తప్పు చేశాను. ఆదివారం మా ఏసు గుడిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, "నా సైకిలు గురించి ప్రార్థించండి," అన్నాను.

మా సంఘం గురించి ఒక మాట చెప్పాలి. ఇచ్చే మనసున్న సంఘం. మా గుడిలో ఆరు ఫ్యాన్లున్నాయి, ప్రతి రెక్క మీదా దాత పేరుంది. ఫ్యాను తిరిగితే పేర్లు కనపడవని కొందరు ఎండాకాలంలో కూడా స్విచ్చు వెయ్యనివ్వరని గిట్టనివాళ్ళు అంటారు. నేను నమ్మను. స్విచ్చు మీద కూడా పేరుంది.

ఆ సాయంత్రానికే దానాలు మొదలయ్యాయి. మా సంఘపెద్ద గారు ముందు, వెనక మడ్‌గార్డులిచ్చారు. ఒకరు క్యారియరు, ఒకరు బుట్ట, ఒకరు గంట, ఒకరు డైనమో లైటు, ఒకరు చీర చక్రంలో పడకుండా జాలీ ఇచ్చారు. నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని తొక్కుతానన్నా వినలేదు. సంఘపెద్ద గారు స్టాండు కూడా తెచ్చారు.

"దీనికి స్టాండు ఉండదు పెద్దయ్యా," అన్నారు సాయిబు గారు.

"స్టాండు లేకపోతే ఎట్టా నిలబడుద్దయ్యా?"

"గోడకి ఆనుకుంటది."

"గోడ లేనిచోట?"

"పడుకుంటది."

"దేవుని పనికి పోయే బండి పడుకోవడమేంటి!" అని పెద్దయ్య స్టాండు బిగించేదాకా కదల్లేదు.

ట్యూబులు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బ్రేకు రబ్బర్లు, చైను కూడా అంతే. నేనే సిగ్గు విడిచి, ఏదైనా ఇవ్వాలని ఉందన్న ఒక పెద్దావిడను ట్యూబు ఇప్పించమని అడిగాను. ఆవిడ బాధగా చూసింది. "ట్యూబు మీద పేరు రాస్తే లోపలుండిపోద్ది గదమ్మా. దేవుడికి తప్ప ఎవరికి కనపడుద్ది?" అంది. చివరికి మరో బెల్లు ఇచ్చింది. రెండు గంటలున్న సైకిలు ఆ చుట్టుపక్కల నాదొక్కటే. నేను కృతజ్ఞురాలిని.

ట్యూబులు, చైను, బ్రేకులు, పెడళ్ళు సాయిబు గారే ఎక్కడెక్కడివో పాతవి ఏరి, అతుకులేసి బిగించారు. చక్రాల ఇరుసుల్లో బేరింగు బాల్సు మాత్రం కొత్తవి వేశారు. ఎంతయిందని అడిగితే, "నా పేరు ఎక్కడ రాయించుకోవాలో తోచినప్పుడు చెప్తాలే," అని నవ్వారు.

ఇక పేర్లు. చీమకుర్తిలో గ్రానైటు లారీల మీద రాసే పెయింటరును పిలిపించారు. ఆయన రాయడం మొదలుపెట్టాక ఎవరి అక్షరాలు పెద్దవన్న దానిమీద కమిటీ కూర్చుంది. ఒక ఆదివారం పోయింది. ఇంటిపేరుతో రాయాలా, బిరుదుతో రాయాలా అన్నదానికి రెండో ఆదివారం పోయింది. అప్పుడు సంఘపెద్ద గారికి ఉపాయం తట్టింది. ఆయన అల్లుడు చీమకుర్తిలో రాయి కోసే యూనిట్లో పనిచేస్తాడు. ఫ్రేము మధ్య ఖాళీలో బిగించేలా మూడు మూలల నల్లగ్రానైటు పలక కోయించి, అందరి పేర్లూ బంగారు రంగు అక్షరాలతో చెక్కించుకొచ్చారు. పైన "దాతలు" అని ఉంది. ఒకవైపు అద్దంలా నునుపు, రెండోవైపు రంపం కోసిన గరుకు. ఏడు కిలోలుంటుంది.

"ఇది దేనికి పెద్దయ్యా?" అన్నారు సాయిబు గారు.

"గుడికి శిలాఫలకం ఉంటుంది. బడికి ఉంటుంది. బోరింగుకి కూడా ఉంది. సైకిలుకేం తక్కువ?"

ఇంత చేశాక ప్రతిష్ఠ ప్రార్థన జరగకుండా తొక్కకూడదన్నారు. మా పాస్టరు అయ్యగారికి నాలుగు ఊళ్ళు. మా వంతుకు ఇంకో రెండు వారాలు పట్టింది. ఈలోగా అక్కడ రెండో కోత అయిపోయి మూడోది మొదలైంది. నేను వారానికి రెండు రోజులే నడిచి వెళ్ళగలిగాను. ఆమె పుల్లతో మట్టి మీద రాసేది. అక్షరాలొచ్చాయి, గుణింతాలొచ్చాయి, ఒత్తుల దగ్గర ఆగిపోయింది. "నీ సైకిలెప్పుడొస్తుందక్కా?" అని అడిగినప్పుడల్లా నేను "పేర్లు ఆరుతున్నాయమ్మా" అనేదాన్ని. ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ప్రతిష్ఠకు రెండు రోజుల ముందు అకాలవాన పడింది. కళ్లాల్లో కాయ తడిసి ఊరంతా దిగులు పడింది. ఆదివారం పొద్దున పాలు పోసే వదిన మళ్ళీ కబురు తెచ్చింది.

"ముఠా మంగళవారం వెళ్ళిపోతందంట. తడిసిన కాయకి ఇంక కోతేంటని రైతు పంపేస్తన్నాడు. ఇంకోటి. ఆ హాస్టలు పిల్ల దగ్గర్నుంచి కాయితమొచ్చింది. తల్లి జాకెట్లో దాచుకుని ఎవరికీ ఇవ్వటంలా. చదవలేవు, చదివించుకోవు, దాన్ని గుడ్డుపెట్టి పొదుగుతావా అని మేస్త్రి ఒకటే ఎగతాళి."

మిగిలింది సోమవారం ఒక్కటే.

ఆరాధన అయ్యాక అయ్యగారు సైకిలు మీద చెయ్యి పెట్టి చక్కగా ప్రార్థించారు. మొదటిసారి పెద్దల చేతుల మీదుగా నడవాలని సంఘపెద్ద గారు ఎక్కారు. గంజిపెట్టిన తెల్లపంచె, రెండు చేతులా రెండు గంటలు. డొంక మొదట్లోనే నల్లరేగడి టైర్లకు పట్టుకుంది. అది మడ్‌గార్డుల్లోకి ఎక్కి, గట్టిగా కూరుకుని, చక్రం తిరగడం మానేసింది. పెద్దయ్య ముందుకు వెళ్ళారు, సైకిలు వెళ్ళలేదు. శిలాఫలకం ఉండబట్టి అది ఎటూ దొర్లకుండా ఒకేచోట స్థిరంగా పడింది. దేవుని దయవల్ల మా రేగడి మెత్తన. ఆయనకు ఒక్క గీత కూడా పడలేదు.

లేచి పంచె చూసుకుని, "బ్రేకులు బాగా పడుతున్నాయి," అన్నారు.

బురద ఎంత బలమైనదో ఆయన మడ్‌గార్డుల వల్లే నాకు తెలిసింది. ఆ ఉపకారం మరచిపోను.

సోమవారం పొద్దున్నే సైకిలును సాయిబు గారి షాపుకు నెట్టుకెళ్ళాను. ఆయన స్పానరు తీసుకుని మడ్‌గార్డులు, క్యారియరు, బుట్ట, జాలీ, లైటు, స్టాండు ఒక్కొక్కటే విప్పి, పేర్లు చెరిగిపోకుండా పాత గోనెసంచి మీద వరసగా పేర్చారు. గంటలు రెండూ పీకారు. చివరికి రాయి దగ్గరకొచ్చారు.

"ఇదీ తీసేద్దామా?"

తల ఊపబోయి ఆగాను. వాన పడింది. చేలో ఎక్కడ చూసినా బురదే. పుల్లతో రాయడానికి ఆరిన నేల లేదు. రాయి వెనకవైపు చూశాను. నల్లగా, గరుగ్గా ఉంది. మా జాకెట్ల మీద గీసే సుద్దముక్క నా సంచిలో ఉంది. తీసి ఆ గరుకు మీద గీశాను. తెల్లగా పడింది.

"ఈ ఒక్కరోజుకు ఉంచండి బాబాయ్," అన్నాను.

ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నట్లు ఇంకో చుట్టు బిగించారు.

ఆ డొంకలో నేను తొక్కిన తొక్కుడు ఇప్పటికీ మోకాళ్ళకు జ్ఞాపకం. బురద టైర్లకెక్కింది, రాలింది, మళ్ళీ ఎక్కింది. ఆపడానికి పైన ఏమీ లేదు. గుంట వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఏడు కిలోల దాతలు నాతోపాటే లేచారు.

అన్నాల వేళకు చేరాను. స్టాండు లేదు కాబట్టి సైకిలును గట్టు మీద పడుకోబెట్టాను, పేర్లు కిందికీ గరుకు పైకీ వచ్చేలా. ఆమె పక్కన గొంతుక్కూర్చుని, జాకెట్లోంచి కాగితం తీసింది. నాకు కనపడకుండా అరచేతిని అడ్డం పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఒత్తు అడ్డం వచ్చినచోట ఆగి, ఆ ఒక్క అక్షరాన్నే సుద్దతో రాయి మీద దించి, "ఇదేందక్కా?" అని అడిగింది. నేను చెప్పాను. కొంగుతో చెరిపేసి మళ్ళీ కాగితంలోకి వెళ్ళింది. అలా ఏడెనిమిది సార్లు. ఆ అక్షరాలు నాకు గుర్తున్నాయి. అవి ఏ మాటల్లోవో నాకు తెలియదు.

మేస్త్రి దూరం నుంచి కేకేశాడు. "ఏం రాసింది నీ కూతురు? గట్టిగా సదువు, మేమూ ఇంటాం!"

ఆమె చివరి ముక్కదాకా చదివింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది. కళ్ళు తుడుచుకుని కాగితం మడిచింది.

"నాకు రాసింది," అంది. "ఇంగ నీకా శ్రమ ల్యాదులే మేస్త్రీ."

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు.

మంగళవారం ముఠా వెళ్ళిపోయింది. ఆ తరవాతి ఆదివారం సంఘపెద్ద గారు గుడిలో లేచి, మన సంఘం ఒక పేదరాలి చదువు కోసం రాతిపలక దానం చేసిందని సాక్ష్యం చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు, నేనూ అన్నాను. అబద్ధమేమీ లేదు. ఇప్పుడా రాయి గుడి వరండాలో ఉంది. సాయంత్రాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు దానిమీద దిద్దుకుంటారు. పేర్లు గోడవైపు ఉంటాయి. ఎవరైనా దాత వస్తే తిప్పి చూపిస్తాం. మడ్‌గార్డులు బీరువాలో భద్రంగా ఉన్నాయి.

సైకిలు నా దగ్గరే ఉంది. దానిమీద ఎవరి పేరూ లేదు. ఇరుసుల్లో బాల్సు ఇంకా అరగలేదు, అవి తిరుగుతున్న చప్పుడు కూడా రాదు. పేరు ఎక్కడ రాయించుకోవాలో సాయిబు గారికి ఇప్పటికీ తోచలేదట, అడిగినప్పుడల్లా అదే మాట. ఇది చదివినవాళ్ళు మీ మీ పద్ధతిలో ప్రార్థన చేసుకునేటప్పుడు, మీవాళ్ళతో పాటు ఆయన్ని కూడా ఒక్కసారి తలుచుకోండి. మా సెంటర్లో సైకిలు షాపు ఆయన అంటే చాలు.