సలాలా కొండకు వంగిన ఇల్లు

మస్కట్‌లోని రూవి కాడ పొద్దున ఏడింటికి సలాలా బస్సు. ఖరీఫ్ వానల కాలంలో టికెట్టు ముందే తీసుకోవాల, లేకుంటే బస్సు పోతాంటే చూడాల్సిందే. నేను సారుతో పోయినాను. ఆయన ఇంట్లో వంట నాది.

సారుది మంచుదేశం. వయసులో కాళ్లకు పలకలు కట్టుకుని కొండమీదినుంచి జారేవాడు, ఒలింపిక్స్ దాకా పోయినాడు. మోకాలు విరిగినాక ఇండ్లకు నక్షాలు గీసేది నేర్చుకున్నాడు. సలాలాలో ఒక షేక్‌కు ఇల్లు కట్టించినాడు. పని అడిగినచోటల్లా ఆయన చూపించేది ఆ ఇల్లే. షేక్ చచ్చిపోయినాడు, కొడుకు దాన్ని కూలగొట్టి హోటల్ కడతాడని కబురొచ్చింది. ఇల్లు పోతే మస్కట్‌లో సారుకు పని లేదు, నాకు వీసా లేదు. కొడుకును బతిమాలేదానికి పోతున్నాము.

పక్కసీటు నిజామాబాద్ మేస్త్రి ఇదంతా విని నవ్వినాడు. "జారనీకి ఒలింపిక్స్ ఎందుకు పెద్దమ్మా? మా సైట్ కాడికి రమ్మను, సిమెంట్ మీద రోజూ జారుతం."

నాకూ సారుకూ నడిచే హిందీలో చెప్తే ఆయన గూడా నవ్వినాడు. ఆ పొద్దుకు ఆయన నవ్వింది అదొకటే.

మధ్యాన్నం హైమాలో తిండికి ఆపినారు. పప్పు పలచన, రొట్టె గట్టి. మీరు పోతే అన్నం కట్టుకపోండి. తుమ్రైత్ దాటినాక ఎడారి అయిపోయి పొగమంచు, తుంపర. చీకటి పడేటప్పటికి సలాలా చేరి మలయాళీ లాడ్జిలో దిగినాము. దుప్పట్లన్నీ చెమ్మ వాసన.

తెల్లారి టాక్సీలో కొండకు పోయినాము. సారు కొండను తవ్వించలేదు. గదులు ఒకదానికింద ఒకటి, జారే మనిషి వంగినట్టు వంగి దిగినాయి. మెట్లు జాస్తి, నాకు నచ్చలేదు. కట్టేటప్పుడు మోకాళ్లు గుర్తు రాలేదా అన్నాను. అప్పటికి ఒకటి బాగుండేది అన్నాడు.

షేక్ కొడుకు మర్యాదస్తుడు. ఖర్జూరం పెట్టి, పాలు లేని అరబ్బు కాఫీ, కహ్వా పోయించినాడు. ఇక్కడ కహ్వా తాగేటప్పుడు పని మాట ఎత్తరు. చాలనుకుంటే చిన్నకప్పు అటూ ఇటూ ఊపి ఇయ్యాల. మూడు కప్పులు దాటితే మర్యాద గాదు. సారుకు అది తెలుసు. తెలిసీ ఊపలేదు. వాళ్లు పోస్తానే ఉన్నారు, ఈయన తాగతానే ఉన్నాడు. కొడుకు తల వంచుకుని కూచున్నాడు. ఆ ముఖం చూస్తేనే జవాబు తెలిసిపోయింది. సారు దాన్ని కొడుకు నోటిదాకా రానీకుండా ఆపతా ఉన్నాడు. వాకిలి కాడినుంచి లేచి దగ్గరికి పోయినాను.

"చాలు సారూ."

ఆయన నన్ను చూసి కప్పు ఊపినాడు.

శనివారం యంత్రాలు వస్తాయని కొడుకు మెల్లగా చెప్పినాడు. నాయనకు ఈ ఇల్లంటే ప్రాణమని గూడా చెప్పినాడు. సారు ఒక్క మాటా బతిమాలలేదు.

తిరుగు బస్సులో కొండ ఎక్కినంతసేపే తుంపర, ఆ తర్వాత అంతా ఎండ. సారు నన్ను వంటపనికి ఇంకో ఇల్లు చూసుకోమన్నాడు.

"మీ దేశంలో మీకెవరుండారు?" అన్నాను.

"చెల్లెలు ఉండేది."

సలాలా పచ్చని ఊరు, కాదనను. అరటితోటలు, కొబ్బరిచెట్లు, పోయి చూడండి. దేన్నైనా కాపాడుకుందామని మాత్రం పోవద్దండి.