తొట్టి గోడమీది జిగురు

మా ఊళ్లో ఇళ్ల శుభ్రత చూసేది ప్రభుత్వం కాదు, ఆడవాళ్ల కమిటీ. నెలకోసారి ఈల ఊదుతాం. పరుపులు ఎండలోకి రావాలి, వంటపాక ఊడ్చి ఉండాలి, మరుగుదొడ్డి కడిగి ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ఈల ఫువాతినో అక్క మెడలోనే ఉంది. ఆమె వెనకాల ఇంటింటికీ తిరిగి, అన్నదానికల్లా తలాడించింది నేను. కాబట్టి ఇది ఆమె కథే అయినా సిగ్గు మా ఇద్దరిదీ.

అక్క మొగుడు చేపలవేటకు వెళ్లి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఊరే ఆమె కాపురం. కుండ అడుగు వేలితో గీకి, ఆ వేలు ఇల్లాలి ముక్కు ముందు పెట్టేది. "ఇందులో వండుతున్నావా, పందులకి కుడితి పెడుతున్నావా?" అనేది. అందరికీ ఆమెంటే హడల్. అయినా సవాయీ దీవిలో ఇంత శుభ్రమైన ఊరు లేదని బయటివాళ్లు అంటే మా అందరి ఛాతీ ఉప్పొంగేది.

మాది లావారాళ్ల నేల. ఏరు లేదు, బావి లేదు, తాగేది వాననీళ్లే. వానలు ముఖం చాటేసిన నెలల్లో ఇంట్లో పీపాలు అడుగంటితే, అందరూ కమిటీ ఇంటి సిమెంటు తొట్టి దగ్గరికి రావాల్సిందే. దానికి ఏటా తెల్లసున్నం వేయించేది అక్క. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అందులో మూతెడు బ్లీచింగ్ మందు పోసేది. ఒకసారి పాస్టర్‌గారి భార్య, "కాచిన కోకోలో మందు వాసన కొడుతోంది ఫువాతినో" అంది. అక్కకు తల కొట్టేసినట్టయింది. పాస్టర్ ఇంట్లో వంక పెట్టించుకోవడం కంటే మా ఊళ్లో పెద్ద అవమానం లేదు. ఆ వారం నుంచి మూతెడు కాస్తా సగం మూత అయింది. లోపలికి దిగి గోడలు తోమాలని మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. ఊరందరినీ తనిఖీ చేసే కమిటీని తనిఖీ చేసేవాళ్లు లేరు మరి.

పోయిన సెప్టెంబరులో లాంగిమైనా కొడుక్కి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె పక్క ఊరి నుంచి కోడలుగా వచ్చిన పిల్ల. రెండేళ్ల బిడ్డను ఆస్పత్రిలో అత్తగారికి అప్పగించి, బట్టల కోసం ఇంటికొచ్చింది. సరిగ్గా అప్పుడే అక్క ఈల ఊది మమ్మల్నందర్నీ ఆ ఇంటిమీదికి తీసుకెళ్లింది. పదిమంది ముందు బిడ్డ పాలసీసా ఎత్తి వాసన చూసి మొహం చిట్లించింది.

"మా పంది ఇంతకంటే శుభ్రంగా తాగుతుందే! బిడ్డని నీ చేత్తో నువ్వే చంపుకుంటావా?"

అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. లాంగిమైనా తల దించుకుని బట్టలు మూటగట్టుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమె ఇంటి గడప తొక్కినవాళ్లు లేరు.

వారం తిరిగేసరికి మరో ముగ్గురు పిల్లలు పడకేశారు. జిల్లా నర్సు వచ్చింది. వంటపాకలు చూడలేదు. తిన్నగా తొట్టి దగ్గరికెళ్లి, మూత తీసి, లోపలి గోడను గోళ్లతో గీకింది. అరచెయ్యి నిండా బూడిదరంగు జిగురు వచ్చింది.

"ప్రతి ఆదివారం సగం మూత మందు పోస్తున్నానమ్మా!" అంది అక్క.

"పోశావు. నీళ్లలో ఈదే క్రిములు చచ్చాయి. గోడకి అతుక్కున్నవి జిగురు కక్కి, దానికింద పొరలు పొరలుగా కాపురం పెట్టాయి. మందు పైపొర దగ్గరే ఆగిపోతుంది. నువ్వు పోసింది సగమాయె. లోపలివి చావలేదు సరికదా, ఆ కాస్త మందుకీ అలవాటుపడి మొండికెక్కాయి. వీలు చూసుకుని కొన్ని విడిపడి నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లే పిల్లలు తాగారు. ఖాళీ చేసి, బ్రష్షుతో తోమాలి. వేరే దారి లేదు."

ఆ మధ్యాహ్నమే అక్క తనే తొట్టిలోకి దిగి చీకటిపడేదాకా తోమింది. బయటికొచ్చి మెడలో ఈల తీసి నా చేతిలో పెట్టింది.

"ఎసెతా, నేను ఆ పిల్ల వాకిట్లో క్షమాపణ కోసం ఇఫోంగా కూర్చుంటాను."

ఆమె అన్న ఊరి పెద్దల్లో ఒకడు. మండిపడ్డాడు. "నెత్తిన చాప కప్పుకుని వాకిట్లో కూర్చోడం మనిషిని చంపినవాళ్లు చేసే పని. పాచికి కూర్చుంటావా? మన వంశం పరువేం కాను?"

"ఆ పిల్ల పరువు తీసింది నేను అన్నా. పాచి కాదు."

బిడ్డ కోలుకుని ఇంటికి చేరిన మర్నాడు, తెల్లవారకముందే, అక్క తన పెళ్లినాటి సన్నని అల్లిక చాప తలమీద కప్పుకుని లాంగిమైనా వాకిట్లో రాళ్లమీద కూర్చుంది. క్షమించేవాళ్లు వచ్చి చాప తీస్తారు. తియ్యకపోతే కూర్చోవలసిందే. నేను దారి అవతల నిలబడ్డాను. ఎండెక్కింది. దారినపోయేవాళ్లు ఆగి ఆగి చూశారు. చాప కింద అక్క భుజాలు కదులుతున్నాయి. లాంగిమైనా తలుపు తియ్యదేమోనని నాకు భయం వేసింది.

చివరికి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. చాప అంచు పట్టుకుని తీసి పక్కన పెట్టింది.

"లేవండత్తా. తొట్టి లోపలేముందో మీకు మాత్రం ఏం తెలుసు? నీళ్ల తప్పు నేను మనసులో పెట్టుకోలేదు." అక్క లేవబోయింది. "కానీ ఆ రోజు పాలసీసా వాసన చూశారే, అది కడిగే ఉంది. అది మీకూ తెలుసు."

అక్క మళ్లీ కూలబడింది. "తెలుసమ్మా" అని బావురుమంది. లాంగిమైనా ఆమె చెయ్యి పట్టుకుని లేవదీసి, నీడలో కూర్చోబెట్టింది. అప్పుడు తలెత్తి దారి అవతలికి చూసింది.

"ఎసెతక్కా, అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వు. నీకు చాప లేదా?"

లేదు. ఈల గుప్పిట్లో పట్టుకుని దారి దాటాను. ఉత్త తలతోనే ఆ రాళ్లమీద కూర్చున్నాను.