మా పెద్దమ్మ మెస్‌కు వచ్చిన అభిమాని

కోలారు జిల్లాలో దళితులు నడిపే హోటళ్ల మీద నేను వీడియోలు చేస్తానని మీకు తెలుసు. ఆ పేజీతో నాకూ కాస్త పేరొచ్చింది. ఆ పేరు ఏపాటిదో ఈ రోజు మధ్యాహ్నం తెలిసింది.

మారికుప్పం స్టేషన్ దగ్గర మా పెద్దమ్మ రాణమ్మ నడిపే మెస్‌లో కూర్చున్నాను. దీని మీదా వీడియో చేశాను, ఆమె మా పెద్దమ్మ అని మాత్రం అందులో చెప్పలేదు. బెంగళూరు రైలు దిగిన ఒకాయన నన్ను గుర్తుపట్టి, లోపలికొచ్చి కౌగిలించుకున్నాడు.

"మీ వీడియో ఒక్కటీ విడిచిపెట్టలేదు సార్. సమాజానికి ఎంత మంచి పని చేస్తా ఉండారు!"

నేను పొంగిపోయాను. పెద్దమ్మ అంతకంటే పొంగిపోయి, ఆకు వేసి వేడి సంగటి, అనపగింజల పులుసు తెచ్చింది.

"వద్దమ్మా, ఇప్పుడే తినేసి వచ్చినాను" అంటూ ఆయన నన్ను బయటికి తీసుకెళ్లి, గొంతు తగ్గించాడు.

"సార్, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. మనవాళ్ల హోటలు యాడన్నా ఉండాదా?"

"ఇదే సార్, మనవాళ్లది. ఆమె మా పెద్దమ్మ" అన్నాను.

నా భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశాడు. ఏదో ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఎండలో నడిచిపోయాడు.

గుమ్మం పక్కనే నిలబడి అంతా విన్న పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి, "అయ్యో, ఆకలితోనే పోయినాడే పాపం" అంది.

ఈ పోస్టుకు మాత్రం లైకులు వద్దు. మీలో ఎవరైనా మా పెద్దమ్మ చేతి సంగటి తిని ఉంటే, అది కింద రాయండి చాలు.