ఆవిడ కార్డు మీద వెళ్ళిన పుస్తకం

మా ముత్తాతగారు సంస్థానంలో దివాను. తాతగారు విజయనగరంలో పేరున్న ప్లీడరు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారట. ఇవాళ న్యాయ కళాశాల గ్రంథాలయంలో ఆయన సంతకమున్న కౌలు చట్టం సంపుటాన్ని తెరవగానే, కలరా ఉండల వాసనతో పాటు అప్పలనరసమ్మగారు గుర్తుకొచ్చారు. నేను ఇక్కడ చదువుకున్న రోజుల్లో ఆవిడ లైబ్రేరియన్. ఆ కుర్చీలోనే ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

మొదటి సంవత్సరం విద్యార్థులకు పాత సంపుటాలు ఇంటికి ఇవ్వరు. నేను మాత్రం చేరిన వారంలోనే ఈ పుస్తకం ఆవిడ బల్ల మీద పెట్టి, ఇంటికి కావాలన్నాను.

"ఎందుకు బాబూ?"

"ఇది మా తాతగారిదండీ. ఆ అల్మరా అంతా మేము దానమిచ్చిందే" అన్నాను, పదిమందికీ వినబడేలా.

ఆవిడ అట్ట తెరిచి చూశారు. "మీ తాతగారిదని సంతకం సెప్తన్నాది. నీకెందుకో నువ్వు సెప్పలేదు."

పుస్తకం బల్ల మీదే వదిలేసి వచ్చేశాను.

మర్నాడు అదే పుస్తకం రమణమ్మ అడిగింది. నా తరగతే. ఆమదాలవలస నుంచి రోజూ రైల్లో వచ్చేది. తండ్రి రైసు మిల్లులో కళాసీ, బస్తాలు మోసేవాడు.

"మా మావని కౌలు పొలంలోంచి లేసిపొమ్మంతన్నారండి. నోటీసు ఇవ్వకుండా లేపొచ్చో లేదో సూడాల."

అప్పలనరసమ్మగారు వెంటనే సొరుగులోంచి తన సొంత కార్డు తీసి, దాని మీద పుస్తకం రాసి ఇచ్చేశారు. అది పోతే జవాబు చెప్పుకోవలసింది ఆవిడే.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పుస్తకం కోసం కాదు. ఆ కార్డు నాకోసం సొరుగులోంచి బయటికి రానందుకు. పుస్తకం తిరిగొచ్చిన రోజున పేజీ పేజీ వెతికాను. మధ్యలో కాస్త ఊక దొరికింది. దాన్ని పొట్లం కట్టి ఆవిడ ముందు పెట్టాను.

"చూడండి, ఎలా పాడుచేసిందో!"

"ఏ పేజీలో ఉన్నాది?"

"నోటీసుల అధ్యాయంలో."

"అయితే మిల్లులో కూకుని మరీ సదివినాదన్నమాట. నువ్వు అంతదాకా ఎల్లింది ఊక కోసమేనేటి?"

వెనక నుంచి రమణమ్మ అందుకుంది: "ఆ పొట్లం ఇటిచ్చీండి దివానుగారూ, మా అమ్మ పొయ్యిలోకి పనికొస్తాది."

అందరూ నవ్వారు. నేను నిటారుగా నడిచి వెళ్ళి, అల్మరా పక్కనే నిలబడి ఆ అధ్యాయం మొత్తం చదివాను. ఆ తరవాత రమణమ్మ చదివిన ప్రతి పుస్తకమూ చదివాను, ఆమె కన్నా ఒక్కటైనా ఎక్కువ చదవాలని. నాకు చదువు అలా అబ్బింది. రమణమ్మ ఇప్పుడు శ్రీకాకుళం కోర్టులో వకీలు. ఎప్పుడైనా వచ్చి పలకరిస్తే ముందు నాకు ఆ కార్డే గుర్తుకొస్తుంది.

పుస్తకం కావాలన్నవారిని నేనూ ఎందుకని అడుగుతాను. జవాబు ఉంటే నా కార్డు తీస్తాను.

ఈ కుర్చీలోకి వచ్చిన కొత్తలో పాత రిజిస్టరు తిరగేశాను. ఆ అల్మరా పుస్తకాలు ఎలా వచ్చాయో అందులో అప్పలనరసమ్మగారి చేతిరాతతోనే ఉంది. నేను దానమని గొంతెత్తి చెప్పిన రోజున ఆ రిజిస్టరు ఆవిడ మోచేతి కిందే ఉంది. ఆవిడ దాన్ని తెరవలేదు. అంతటి మర్యాద రమణమ్మకు కూడా దక్కి ఉండదని అనుకుంటాను.

తాతగారి పుస్తకాలను మా నాన్నగారు కళాశాలకు అమ్మారు, అల్మరాతో సహా.