చిన్నాయనకు నేను తగిలించిన దగ్గు

టీవీ హాస్య కార్యక్రమాలకు స్కిట్లు రాస్తూ, వాటిలో నటిస్తూ పదిహేనేళ్లుగా జీవిస్తున్నాను. నాకు పేరు తెచ్చిన ముసలి రైతు వేషం నిజానికి ఇబ్రహీంపట్నంలో ఉండే మా చిన్నాయనది. ఆయన మాటలను తేదీ, సమయంతో సహా డైరీలో రాసుకుని, నవ్వు కోసం ప్రతి మాట చివరా ఒక దగ్గు చేర్చి నటించాను. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

నిరుడు పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. ఇకనైనా క్షమాపణ కోరాలని ఒక ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వారింటికి చేరాను. లోపలి నుంచి నా గొంతే వినిపించింది. చిన్నమ్మ ఫోన్‌లో నా స్కిట్ పెట్టి పట్టుకుంది. చిన్నాయన దాన్ని చూస్తూ, "జర ఆగు, బర్రెకు నీళ్లు వెట్టొస్త" అని కూడబలుక్కుంటున్నాడు. మాటమాటకూ దగ్గుతున్నాడు.

"ఎవరిదన్న విని మాట్లాడుడు నేర్చుకొమ్మన్నడు డాక్టరు. నీది అచ్చం ఆయన మాటనే గద కొడుకా," అంది చిన్నమ్మ.

"గా దగ్గు ఆయనది కాదు చిన్నమ్మా, నేను కల్పించిన."

"నలభై ఏండ్ల కాపురం నాది, నాకు తెల్వదా? నువ్వు వెట్టినవ్, నువ్వే తీసెయ్."

నేను ఆయన ఎదుట కూర్చుని, దగ్గు లేకుండా చెబుదామని ఆ బర్రె వాక్యం మొదలుపెట్టాను. దగ్గు దానంతటదే వచ్చింది. రెండోసారీ వచ్చింది. మూడోసారి "జర" దగ్గరే ఆగిపోయాను.

చిన్నాయన నా మోకాలి మీద చేయి వేశాడు. "నిమ్మళంగ… చెప్పురా," అన్నాడు.

ఆ మాట నా స్కిట్లలో ఎక్కడా లేదు. ఆయన నన్ను మన్నించాడో, నా నటనను దిద్దాడో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.