వెంకటస్వామి గారి ఆయ్

రాజోలులో మా వీధికి పెద్దమనిషి వెంకటస్వామి గారు. ఆయన అంత పెద్దమనిషి కావడానికి అసలు కారణం చెవుడు. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు, అందుకే గౌరవం నిలిచింది.

పొలం గట్టు తగాదా పట్టుకుని ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, మొహంలోకి చూస్తూ, మధ్యమధ్యలో అవునన్నట్టు తలూపి "ఆయ్" అనేవారు. చెప్పుకున్నవాడు "ఎంత ఓపికండీ ఆయనకి!" అని మురిసిపోతూ వెళ్ళేవాడు. మర్నాడు అవతలివాడొచ్చి అదే గట్టు గురించి ఇంకోలా చెబితే అతనికీ అదే ఆయ్. మనవాళ్ళకి కావలసింది తీర్పు కాదు, తలూపేవాడు. ఆ లెక్కన అంతకంటే గొప్ప న్యాయమూర్తి మా వీధికి దొరకడు.

ఎందుకో అనుమానమొచ్చి, చెవికి మిషను పెట్టించుకోమని తమ్ముడు అబ్బులు ఒకసారి అంటే దానికీ ఆయ్ అన్నారు. విననే లేదు, ఇక పెట్టించుకునేదేముంది! "ఏమన్నారండీ?" అని రెండోసారి అడగడం ఆయనకి మహా నామోషీ.

1997 వానాకాలంలో ఆయన భార్య వీరాయమ్మ వంటింట్లో నిలబడి, సిగ్గుకొద్దీ మొహం గోడకేసి తిప్పుకుని, రొమ్ములో గడ్డలాంటిదేదో తగులుతోందని చెప్పింది. అమలాపురం తీసుకెళ్ళమంది. పెంకుల మీద వాన హోరు. గుమ్మంలో ఉన్న ఈయన ఏ పులుసు గురించో అనుకుని, అలవాటుకొద్దీ ఆవిడకీ ఓ ఆయ్ పడేసి, కొబ్బరి దింపు చూసుకోవడానికి వెళ్ళిపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ ఎదురుచూసింది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. మళ్ళీ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఊళ్ళోవాళ్ళ గట్లన్నీ ఓపిగ్గా వినే మనిషికి తన ఒంటి మాట పట్టలేదని కుమిలిపోయింది. చివరికి ఒకరోజు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయ్ అన్నారు కదండీ. మరెందుకు తీసుకెళ్ళలేదండీ?"

"ఎక్కడికే?"

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి మొహం కనపడింది కనక పెదవుల్ని బట్టి సగం, ఏడుపుని బట్టి మిగతా సగం ఆయనకి అర్థమైంది. పెద్దమనిషికి రెండే దారులు మిగిలాయి. విని ఊరుకున్న కసాయి అనిపించుకోవడం, లేదా చెవిటివాణ్ణని ఒప్పుకోవడం. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆయన కాసేపు ఆలోచించారు.

"నాకు వినపళ్ళేదే," అన్నారు చివరికి. "సరిగ్గా వినపడి చాన్నాళ్ళయ్యింది."

మర్నాడే అమలాపురం వెళ్ళారు. డాక్టరు గారు పరీక్ష చేసి, తల వంచి రాసుకుంటూ ఏదో అడిగారు. ఆయ్ గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "వినపళ్ళేదండి. కాస్త ఇటు చూసి చెప్పండి," అన్నారు.

డాక్టరు తలెత్తి, నెమ్మదిగా, మాటమాటా విడమరిచి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అని అడిగారు.

"నాకు చెవుడండి," అన్నారు వెంకటస్వామి గారు, వరండాలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా. "ఆవిడ చెప్పిందండి. నేనే వినకుండా తలూపేనండి."

వీరాయమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. డాక్టరు ఆపరేషను సంగతి చెప్పసాగారు. అర్థం కానిచోటల్లా ఆయన ఆపి అడిగారు. బయట జనం విసుక్కున్నా పట్టించుకోలేదు.

"మనిషికేం భయం లేదు కదండీ?"

డాక్టరు పెదవులు కదిలాయి. కానీ అప్పటికే తల దించుకుని మందులు రాస్తున్నారు.

"ఇటు చూసి చెప్పండి," అన్నారు వెంకటస్వామి గారు.